మెరక కింద మట్టి: మా స్థలాన్ని పరీక్షించి, శుభ్రం చేయించిన నా అనుభవం

భీమవరం నడిబొడ్డున, యనమదుర్రు డ్రెయిన్‌కు కూతవేటు దూరంలో మా నాన్నగారు కొన్న పది సెంట్ల స్థలం ఉంది. నాకు ఊహ తెలిసేనాటికి అందులో వెనుక భాగాన లారీలు బాగుచేసే షెడ్డు, వీధివైపు బ్యాటరీ రిపేరు కొట్టు ఉండేవి. రెండూ అద్దెకు ఇచ్చినవే. 2006 ప్రాంతంలో రెండూ మూతపడ్డాయి. ఆ తరువాత నాన్నగారు షెడ్డు పడగొట్టించి, డెల్టాలో అందరూ చేసినట్లే స్థలాన్ని మెరక చేయించి, ఇటుక, ఇసుక అమ్ముకునేవారికి అద్దెకిచ్చారు. ఆయన పోయాక 2023లో నేనూ మా తమ్ముడూ పంపకాలు మాట్లాడుకుంటున్న సమయంలోనే ఒక బిల్డరు వచ్చి, కింద పార్కింగు, పైన అయిదంతస్తులు కడతానని, చెరి సగం తీసుకుందామని ప్రతిపాదించారు. తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు. నేను మాత్రం మట్టి పరీక్ష చేయించాకే సంతకం పెడతానన్నాను.

నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పాను. పాత బ్యాటరీని పగలగొట్టి అందులోని యాసిడ్‌ను కాలువలోకో నేలమీదికో ఒంపేయడం, ప్లేట్లను బొగ్గుల పొయ్యిమీద ఇనుప మూకుడులో కరిగించి సీసాన్ని మళ్లీ అచ్చు పోయడం చిన్నప్పుడు కళ్లారా చూసినదాన్ని. గేటు పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వు ఎండిపోయి చచ్చిపోతే అందరూ పురుగు అన్నారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఒక్కసారిగా మూర్ఛలతో ఆసుపత్రిలో చేరినప్పుడు, వారి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షల్లో తేలిందన్న వార్త చదివి, ఆ రాత్రి నాకు మా కొట్టు ముందు నేల గుర్తుకొచ్చింది. ఆ ఘటనకూ మా స్థలానికీ సంబంధం లేదు. కానీ సీసం మట్టిలో కుళ్లిపోదు, ఆవిరైపోదు, వానకు సులువుగా కొట్టుకుపోదు. అక్కడే ఉంటుంది. దాని మీద పుట్టబోయే ఇంట్లో నేలమీద పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పసిపిల్లలు ఉంటారు. పిల్లల మెదడుకు హాని చేయనంత తక్కువ మోతాదు సీసం ఏదీ లేదన్నది ఈనాడు వైద్యులందరూ ఒప్పుకుంటున్న మాట.

మొదటి పని మట్టి తవ్వడం కాదని, స్థలం చరిత్ర సేకరించడమని నాకు తెలుసు. లింకు దస్తావేజులు, మున్సిపాలిటీ పన్ను రసీదులు, ఏ కనెక్షను ఏ వ్యాపారానికి ఇచ్చారో తెలిపే పాత కరెంటు బిల్లులు, నాన్నగారి అద్దె పుస్తకం వెతికి ముందు పెట్టుకున్నాను. అద్దె పుస్తకంలో ఒకచోట ‘డీజిల్ డ్రమ్ములకు అదనం’ అని ఆయన చేతిరాత కనిపించింది. అంటే వెనుక షెడ్డులో డీజిల్ నిలువ ఉండేదన్నమాట. ఉపగ్రహ చిత్రాల్లో మెరక చేయకముందరి షెడ్డు రేకుల కప్పు మసకగా కనిపించింది గాని, కింద ఏం జరిగిందో చెప్పగలిగింది ఆ ఒక్క వాక్యమే.

2023 ఆగస్టులో ఒక పరీక్షా కేంద్రంవారిని పిలిపించాను. వారు వచ్చి స్థలంలో అయిదుచోట్ల రెండడుగుల లోతు మట్టి తీసి, పక్కనున్న చేతిపంపు నీటిని ఒక సీసాలో పట్టుకుని వెళ్లారు. మూడు వారాల తరువాత వచ్చిన నివేదికలో అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కిలో మట్టిలో సీసం 30 మిల్లీగ్రాములు కూడా లేదు, నీటిలో నూనె జాడ లేదు. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. బిల్డరు ఒప్పందం కాగితాలు తెచ్చారు. నాకు మాత్రం ఆ అంకెలు మరీ శుభ్రంగా అనిపించాయి. ఇరవై అయిదేళ్లు సీసం కరిగించిన నేల అలా ఉండడానికి వీలులేదు.

వినాయక చవితికి ముందు, ఆ కొట్లో పనిచేసిన ముసలి మేస్త్రి ఇంటికి వెతుక్కుంటూ వెళ్లాను. ఆయనకు డెబ్బై దాటాయి, చేతులు సన్నగా వణుకుతున్నాయి. స్థలానికి వచ్చి చుట్టూ చూసి, పక్కింటి గోడకున్న పాత లాంతరు కొక్కేన్ని చూపించి, “అమ్మాయిగారూ, ఆ కొక్కెం మా భుజమంత ఎత్తున ఉండేదండి. ఇప్పుడు మోకాలి దగ్గరికి వచ్చింది చూడండి. మీవాళ్లు తీసింది పై మెరకండి, మా పొయ్యి దాని కింద ఉందండి” అన్నారు. తరువాత కర్ర పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ, పొయ్యి ఇక్కడ, యాసిడ్ ఒంపిన గుంట ఇక్కడ, బండి కింద దిగి పనిచేసే గొయ్యి అక్కడ అని గీతలు గీశారు. పరీక్షకు వచ్చినవారు ఆ రెండడుగుల్లో తీసింది, ఎక్కడో మెట్ట ప్రాంతంలో తవ్వి తెచ్చి పోసిన ఎర్ర గ్రావెల్. మా స్థలాన్ని వారు అసలు తాకనే లేదు.

డెల్టాలో స్థలం కొనే ప్రతివారికీ నేను ముందుగా చెప్పదలచుకున్నది ఇదే. మనది పల్లపు నేల. వాన పడితే నీరు నిలుస్తుందని తరానికొకసారి మట్టి తోలి ఎత్తు పెంచుకుంటూ వచ్చాం. కాబట్టి ఊరి నడుమ ఏ స్థలం చూసినా పైన కనిపించేది వేరొక ఊరి మట్టి. దాని కింద కూలగొట్టిన ఇటుకరద్దు, ఆ కింద పాత నేల, ఆ కింద నల్లని బంకమన్ను ఉంటాయి. నమూనా ఎంత లోతున తీయాలో చెప్పగలిగేది అంగుళాల లెక్క కాదు, ఆ పొరల వరస. ఏ పొర ఎన్నేళ్లు గాలికి, మనిషి పనికి తెరిచి ఉందో ఆ పొరలో వెతకాలి.

ఈసారి వేరే పరీక్షా కేంద్రాన్ని కుదుర్చుకున్నాం. చేతితో తిప్పి నేలలోకి దించే ఇనుప బర్మాతో మేస్త్రి గీసిన చోట్ల, వాటి చుట్టూ నాలుగు వైపులా, మొత్తం ఇరవై రెండు చోట్ల పొరపొరకూ విడిగా మట్టి తీశారు. మూడున్నర అడుగుల దగ్గర బర్మా పైకి రాగానే మట్టి రంగు మారింది. నల్లటి ముద్దలో బొగ్గుపొడి, తెల్లటి బూడిద, అక్కడక్కడ మెరిసే లోహపు తునకలు కనిపించాయి. నేలలోనే మూలకాల మోతాదు చూపించే చేతి ఎక్స్‌రే పరికరాన్ని దాని దగ్గర పెట్టినప్పుడు పడిన అంకె చూసి ఆ కుర్రాడు పరికరం సరిగా పనిచేస్తున్నదా అని మళ్లీ పెట్టి చూశాడు. ప్రయోగశాలలో పొయ్యి దగ్గరి మట్టిలో సీసం కిలోకు 6,000 మిల్లీగ్రాములు దాటింది. నివాస స్థలాలకు కెనడా పెట్టుకున్న హద్దు 140. అమెరికా తన 400 మిల్లీగ్రాముల హద్దును 2024 జనవరిలో 200కు తగ్గించింది. మా డెల్టా మట్టి సహజంగా కాస్త క్షారగుణం కలది, అలాంటిది యాసిడ్ గుంట దగ్గర దాని పీహెచ్ (7కంటే తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్లు) 4కు దిగిపోయి ఉంది. ఊరట కలిగించిన సంగతి కూడా ఒకటి కనిపించింది. ఇంకో అడుగున్నర లోతుకు, బంకమన్నులోకి దిగేసరికి సీసం మోతాదు ఒక్కసారిగా పడిపోయింది. మన నల్లమట్టి లోహాన్ని పట్టుకుని వదలదు. వరి పండించే రైతుకు ఎరువును నిలబెట్టి ఇచ్చే ఆ గుణమే ఇక్కడ సీసాన్ని లోపలికి దిగకుండా అడ్డుకుంది.

డీజిల్ సంగతి వేరు. అది నీటికంటే తేలిక, నీటిలో కలవదు, ఊటనీటి మీద తేలుతుంది. స్థలంలో మూడు మూలలా త్రిభుజంగా పదిహేనడుగుల లోతు సన్నని చిల్లుల పైపులు దించి, నీటిమట్టం కొలవడం మొదలుపెట్టాం. ఒకే సమతలం నుంచి కొలిచిన మూడు మట్టాలు తెలిస్తే నీరు ఏ దిక్కుకు సాగుతున్నదో చెప్పవచ్చు. మాది డ్రెయిన్ వైపే సాగుతున్నది. డ్రెయిన్ నిండుగా ఉన్న రోజుల్లో మాత్రం ఆ తేడా దాదాపు మాయమయ్యేది. శీతాకాలమంతా ప్రతి నెలా పైపుల్లో చూసినా నూనె కనిపించలేదు. నేనే తొందరపడి ఉంటే డీజిల్ లేదని రాసేసుకునేదాన్ని. రెండో పరీక్షా కేంద్రంలోని ఒక పెద్దాయన, “కాలువలు కట్టేసేదాకా ఆగండి” అన్నారు.

ఆ మాట విలువ 2024 మే నెలలో తెలిసింది. ధవళేశ్వరం నుంచి నీరు వదిలి ఉన్నంతకాలం కాలువల ఊట, చేల ఊట కలిసి ఊరి కింద నీటిని పైకి ఎత్తి ఉంచుతాయి. అప్పుడు డీజిల్ మట్టి రేణువుల మధ్య, నీటి కింద చిక్కుకుని కదలకుండా ఉంటుంది. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చి కాలువలు కట్టేశాక నీటిమట్టం దిగుతుంది. దానితోపాటు చిక్కుకున్న నూనె కూడా జారి వచ్చి పైపులోకి చేరుతుంది. కాలువలు నిండుగా ఉన్నప్పుడు మా స్థలంలో మూడడుగుల దగ్గరున్న నీరు మే రెండో వారానికి ఏడున్నర అడుగులకు దిగింది. వెనుక మూలనున్న పైపులో దించిన గొట్టం పైకి తీస్తే నీటిమీద బొటనవేలి మందాన గోధుమరంగు నూనె. షెడ్డు మూతపడిన పద్దెనిమిదేళ్లకు, ఆ వాసన చూడగానే చిన్నప్పటి లారీలు కళ్లముందు నిలిచాయి. మరో రకంగా చెప్పాలంటే, ఏటా ఎక్కుతూ దిగుతూ ఆ నీరు డీజిల్‌ను నాలుగైదు అడుగుల మందాన పూత పూసినట్లు మట్టికి పులిమింది. అందుకే డెల్టాలో ఊటనీటిని ఒక్కసారి పరీక్షించి ఊరుకోవడం తప్పు. కాలువలు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి తప్పనిసరిగా చూడాలి.

సీసం విషయంలో మాత్రం నీరు మమ్మల్ని కరుణించింది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణం. యాసిడ్ గుంట పక్కనున్న పైపులో దానికి రెండింతలు ఉంది, మిగిలిన రెండింటిలో హద్దు లోపలే ఉంది. మా వీధిలో ఊటనీటిని ఎవరూ తాగరు. కానీ గిన్నెలు తోముకోవడానికి చేతిపంపు నీళ్లే వాడే ఇళ్లు నాలుగున్నాయి. ఆ నాలుగిళ్లకూ వెళ్లి నివేదిక చూపించి, పని అయ్యేవరకు ఆపమని నేనే చెప్పి వచ్చాను. ఒక ఇంట్లో కోప్పడ్డారు. వారి కోపం న్యాయమైనది.

మేం పని మొదలుపెట్టేనాటికి ఇలాంటి స్థలాల కోసం ప్రత్యేకంగా చేసిన నిబంధనలు దేశంలో లేవు. కేంద్ర పర్యావరణ శాఖ 2015లో తయారుచేయించిన మార్గదర్శక పత్రం, ప్రమాదకర వ్యర్థాలపై 2016 నాటి నిబంధనలు, ఈ రెండే ఆధారం. నివేదికలతో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి వెళ్తే, ఎవరూ అడగకుండానే తామే వచ్చి చెప్పినవారు అరుదని అక్కడి ఇంజనీరు ఆశ్చర్యపోయారు. తవ్విన మట్టి ఎక్కడికి పోవాలన్నది తేల్చేది మట్టిలో ఎంత సీసం ఉన్నదన్న అంకె ఒక్కటే కాదు. ఆ మట్టిని పులుపు ద్రావణంలో పద్దెనిమిది గంటలపాటు తిప్పి, ఎంత సీసం కరిగి బయటికి వచ్చిందో చూస్తారు. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం. పొయ్యి, గుంటల దగ్గరి మట్టి దాటింది. మిగిలింది దాటలేదు.

ఇక ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర ఇంట్లో గొడవ సీసం అంకెలు వచ్చినప్పుడే మొదలైంది. బిల్డరు చెప్పిన దారి చాలా సులభం. పునాదుల కోసం ఎలాగూ తవ్వాలి, తవ్విన మట్టిని టిప్పరుకు ఇంతని కొనుక్కుపోయేవారు ఉన్నారు, వారే పట్టుకుపోతారు, మీకు ఖర్చుండదు అన్నారు. ఆ మట్టి ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఎవరో పేదవారు కట్టుకునే ఇంటి పల్లానికి మెరకగా, లేకపోతే బడి ఆవరణకు, లేకపోతే చేపల చెరువు గట్టుకు. మా స్థలంలో మూడున్నర అడుగుల కింద దాగి ఉన్నది అక్కడ నేలమీద, పిల్లల కాళ్ల కింద ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేను తమ్ముడితో నెలన్నర మాట్లాడలేదు. చివరికి వాడే వచ్చి, “అక్కా, నువ్వు చెప్పినట్టే చేద్దాం, నా వాటాలోంచి సగం ఖర్చు రాసుకో” అన్నాడు. ఆ బిల్డరు తప్పుకున్నారు.

మట్టినంతా తీసేయనక్కర్లేదు. పొయ్యి, యాసిడ్ గుంటల చుట్టూ ఉన్న అతిచెడ్డ మట్టిని పూర్తిగా తీసి విశాఖపట్నం దగ్గర పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలని, వాటి చుట్టూ ఓ మోస్తరుగా చెడిన మట్టికి సున్నం, సూపర్ ఫాస్ఫేటు కలిపి సీసాన్ని కరగని రూపంలోకి మార్చి, పార్కింగు కాంక్రీటు కిందికి చేర్చాలని, డీజిల్ మట్టిని స్థలంలోనే శుద్ధి చేయాలని నిర్ణయించాం. ఫాస్ఫేటు సీసంతో కలిస్తే ఏర్పడే ఖనిజం నీటిలో దాదాపు కరగదు.  ఇదంతా కాలువలు వదిలేలోగా జరగాలి, ఊట పైకొస్తే గొయ్యి చెరువవుతుంది. ఆ ఏడాది మే 13న రాష్ట్రంలో పోలింగు కావడంతో లారీలు, కూలీలు అంతకుముందు దొరకలేదు. మాకు మిగిలింది రెండు వారాలు.

ఆ రెండు వారాలూ నేను స్థలంలోనే ఉన్నాను. దుమ్ము లేవకుండా మట్టిని తడుపుతూ తవ్వించాం. పనివారికి ముఖానికి మంచి మాస్కులు, చేతులకు తొడుగులు ఇచ్చాం. బీడీ, టీ, అన్నం స్థలం బయటే. సాయంత్రం అక్కడే స్నానం చేసి, పనిబట్టలు అక్కడే వదిలి, వేరే బట్టలతో ఇంటికి వెళ్లాలి. సీసం దుమ్ము తండ్రి చొక్కాతో ఇంటికి వెళ్లి పసిబిడ్డను చేరుతుంది. ఈ నియమాన్ని మొదటి రోజు అందరూ చాదస్తమనుకున్నారు. ముసలి మేస్త్రి వచ్చి కూర్చుని, తన చేతులు చూపించి, మా కొట్లో ఈ నీళ్లు, ఈ సబ్బు ఉంటే ఎంత బాగుండేదని వారితో చెప్పాక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన రక్తపరీక్షకు నేను తీసుకెళ్లాను. కొట్టు మానేసి అంతకాలమైనా సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. అది ఎముకల్లో దాగి, దశాబ్దాలపాటు కొంచెంకొంచెంగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

పరవాడకు మూడు లారీలు వెళ్లాయి. ప్రతి లారీకి టార్పాలిను కప్పి, రవాణా పత్రం వెంట పంపి, అక్కడ తూచుకున్న రసీదు తిరిగి వచ్చేదాకా ఎదురుచూశాం. గొయ్యి పూడ్చడానికి ముందు దాని అడుగున, నాలుగు గోడల నుంచి మళ్లీ నమూనాలు తీయించాం. తూర్పు గోడ పరీక్షలో తప్పింది. ఇంకో రెండడుగులు తవ్వాల్సి వచ్చింది. జూన్ మొదట్లో కాలువలకు నీళ్లు వదిలారన్న కబురు, ఆ గోడ బాగుందన్న నివేదిక ఒకే రోజు వచ్చాయి.

డీజిల్ మట్టిని స్థలం మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పరచి, కుప్పగా పోయించాం. నూనెను తినే సూక్ష్మజీవులు మట్టిలోనే ఉంటాయి, వాటికి కావలసింది గాలి, తేమ, నత్రజని, భాస్వరం. కొబ్బరిపొట్టు కలిపి మట్టిని గుల్ల చేశాం, యూరియా, డీఏపీ చల్లాం, పది రోజులకోసారి తిరగవేశాం, వాన వస్తే కప్పాం. పెంటపోగును చూసుకున్నట్లే చూసుకోవాలి. ఏడు నెలలకు వాసన పోయింది, మట్టి బాగుపడినట్లు పరీక్షల్లోనూ తేలింది. మంచి మట్టి కొనేటప్పుడు కూడా తోలకముందే పరీక్ష చేయించాను. అమ్మేవారు మొదటిసారి ఇలా అడిగినవారిని చూశామన్నారు.

మొత్తం ఖర్చు ఆ స్థలం విలువలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. పట్టింది మాత్రం ఏడాదిన్నర కాలం. కొత్త బిల్డరుతో ఒప్పందంలో మూడు షరతులు రాయించాం: నేలమాళిగ ఉండరాదు, బోరు వేయరాదు, నివేదికలన్నీ ప్రతి ఫ్లాటు దస్తావేజుకూ జతచేయాలి. మూడోదాని దగ్గర ఆయన చాలాసేపు ఆలోచించారు. కొనేవారు భయపడతారన్నారు. పరీక్ష చేయని పక్క స్థలంకంటే పరీక్ష చేసి శుభ్రపరిచిన స్థలంలో భయం ఎందుకని నేనడిగాను. మొదటి ఫ్లాటు కొన్నది ఒక పిల్లల డాక్టరుగారు. ఆవిడ కాగితాలన్నీ చదివి, ఒక రోజు వచ్చి స్థలంలో నిలబడి చూసి, బయానా ఇచ్చారు.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు జారీ చేసింది. అనుమానమున్న స్థలాలను గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయవలసిన బాధ్యతను అవి స్థానిక సంస్థల మీద, జిల్లా యంత్రాంగం మీద పెట్టాయి. అది చదివిన రోజు సాయంత్రం మేస్త్రిగారి అరుగు మీద కూర్చుని, ఊళ్లో ఆ రోజుల్లో ఇంకెక్కడ సీసం కరిగించేవారని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని, వీధుల పేర్లు చెబుతూ వేళ్లు మడిచారు. ఆరు చోట్లు చెప్పారు. ఆరూ ఇప్పుడు మెరక మీద నిలబడిన ఇళ్లే. వాటిలో ఒకదాని కింది అంతస్తులో చంటిపిల్లల బడి నడుస్తున్నది. ఆ ఆరు చోట్ల గుర్తులు, మా నివేదికల ప్రతులు జతచేసి మున్సిపాలిటీలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్నాను. బడివారిని విడిగా కలిశాను. పిల్లలు ఆడుకునే ఆవరణలో మట్టి తీయించడానికి వారు ఒప్పుకున్నారు. కాలువలు కట్టేశాక, మే నెలలో బర్మా దించుతాం. మేస్త్రిగారు తానే వచ్చి చోటు చూపిస్తానన్నారు.